లెయోవిల్ బార్టన్ ఐదు వింటేజ్‌లు ఒకే రాత్రి: ఏ వరసలో పొయ్యాలి, మార్కులు ఎలా వెయ్యాలి?

బెజవాడ_తులూజ్:

అందరికీ నమస్కారం. ఊరు విజయవాడ, ఉద్యోగం తులూజ్‌లో. మా టీమ్‌లో ఒక పెద్దాయన రిటైరై బ్రిటనీ వెళ్ళిపోతూ తన సెల్లారు ఖాళీ చేసి, అందరికీ తలా కొన్ని సీసాలు పంచిపెట్టాడు. నా వాటాకి ఐదు వచ్చాయి. ఐదూ ఒకే షాతోవి, అంటే ఒకే ద్రాక్షతోటవి: బోర్డో ప్రాంతంలో సాన్-జూలియాన్ ఊరు, లెయోవిల్ బార్టన్ తోట. వింటేజ్‌లు, అంటే ద్రాక్ష పండిన సంవత్సరాలు, 2003, 2009, 2010, 2013, 2016. ఇస్తూ ఒక్క షరతు పెట్టాడు. ఐదూ ఒకే రాత్రి తెరవాలి, తనని పిలవాలి. వచ్చే నెల ఏదో పని మీద ఊళ్ళోకి వస్తున్నాడు.

నాకు వైన్ అంటే సూపర్‌మార్కెట్లో ఆరేడు యూరోల సీసా, శుక్రవారం రాత్రి. బాగుంది, బాగోలేదు, అంతవరకే తెలుసు. ఆయన ముందు పరువు పోకూడదని టెన్షన్‌గా ఉంది. నెట్‌లో చూస్తే 2010ని ఆకాశానికెత్తేశారు, 2013ని తిట్టిపోశారు. మరి ఆ 2013ని టేబుల్ మీద పెట్టడం ఎందుకు, మటన్ బిర్యానీలో పోసేస్తే సరిపోతుంది కదా అనుకుంటున్నాను. పాతది ముందు పొయ్యాలా, కొత్తది ముందా? డికాంటర్, అదే వైన్ వంచుకునే గాజు కూజా, అన్నిటికీ కావాలా? మార్కులు ఎలా వెయ్యాలి? మొత్తం ఆరుగురం ఉంటాం. ఇంకోటి, రుచి చూశాక బకెట్‌లో ఉమ్మేయాలంట కదా, అందరి ముందూ ఉమ్మడం నా వల్ల కాదు. మింగేస్తే తప్పా?

కూకట్‌పల్లి_కింగ్:

బ్రో, టెన్షన్ ఎందుకు? ఇదంతా బిల్డప్. కళ్ళకి గంతలు కడితే ఎరుపేదో తెలుపేదో కూడా చెప్పలేరు ఈ ఎక్స్‌పర్టులు. ఒకడెవడో తెల్ల వైన్‌లో ఎర్ర రంగు కలిపి ఇస్తే అందరూ ఎర్ర వైన్ అనుకుని లెక్చర్ ఇచ్చారంట. ఆయన చూపించినప్పుడల్లా తల ఊపి "త్రే బొన్" (చాలా బాగుంది) అను, అయిపోతుంది.

యానాం_షార్ట్రోన్:

బెజవాడ గారూ, మాది యానాం. మా తాతయ్య ఫ్రెంచి పౌరసత్వం వదులుకోలేదు, అలా మేము ఇటు వచ్చి పడ్డాం. బోర్డోలో షార్ట్రోన్ పేటలో వైన్ కొట్టులో పని చేస్తాను. ఒకప్పుడు వైన్ వర్తకుల గోదాములన్నీ ఈ పేటలోనే, గరోన్ నది ఒడ్డున ఉండేవి. కొట్లోకి వచ్చినవాళ్ళు నన్ను అడిగేది ఒకటే, "ఏ సంవత్సరం మంచిది?" అని. నేను తిరిగి అడిగేదీ ఒకటే, "ఎప్పుడు తాగుతారు?" అని. ఈ రెండో ప్రశ్న లేకుండా మొదటిదానికి జవాబు లేదండి. అందుకే 2013ని బిర్యానీలో పోస్తానన్న మీ మాట చదవగానే ఒళ్ళు మండింది. ఆ ఐదింటిలో మీకు ఎక్కువ పాఠం చెప్పేది అదే.

ముందు మీ చేతిలో ఉన్నదేమిటో తెలుసుకోండి. ఒకప్పుడు లెయోవిల్ అంతా ఒకటే పెద్ద తోట. అది మూడు ముక్కలైంది: లాస్ కాజ్, పువాఫెరే, బార్టన్. బార్టన్ ముక్కని ఐర్లండ్ నుంచి వచ్చిన వర్తకుల కుటుంబం 1826లో కొంది, ఈ రోజుకీ వాళ్ళదే. 1855లో పారిస్ ఎగ్జిబిషన్ కోసం బోర్డో దళారులు మెడాక్ వైన్లని (సాన్-జూలియాన్ ఉన్న ప్రాంతం అదే) ఐదు తరగతులుగా విడదీశారు కదా, అప్పుడు ఈ మూడు లెయోవిల్‌లూ రెండో తరగతిలోకి వచ్చాయి. ఆ తరగతులు వేసింది అప్పటికి ఏ వైన్ ఎంత ధర పలుకుతోందో చూసి. పైగా అవి తోటలకి వేసిన మార్కులు, పంటలకి కాదు. 2010 సీసా మీదా 2013 సీసా మీదా అదే రెండో తరగతి ముద్ర. లోపల సరుకు మాత్రం ఆ ఏడాది వాన, ఎండ చెప్పినట్టు వినింది.

సాన్-జూలియాన్ అంటే జిరోండ్ నదీముఖానికి ఎడమ ఒడ్డు, గులకరాళ్ళ నేల. ఆ రాళ్ళు నీళ్ళని నిలవనివ్వవు, పగటి వేడిని దాచుకుంటాయి. అందుకే ఇక్కడ కాబెర్నే సోవిన్యోన్ అనే ద్రాక్ష రకానిది పెత్తనం, మెర్లో అనే ఇంకో రకం దానికి తోడు. కాబెర్నే ఆలస్యంగా పండుతుంది, పండు చిన్నది, తొక్క మందం. ఆ తొక్కలోంచే టానిన్, అంటే ఆ వగరు. బార్టన్ వాళ్ళ వైన్ మొదటి నుంచీ కాస్త బిగుసుగా, పాతకాలం మనిషిలా ఉంటుంది. కుర్ర వయసులో ఎవరితోనూ కలవదు.

ఒకే చెట్టు బంగినపల్లి ఒక ఏడాది తేనెలా ఉండి, మరుసటి ఏడాది కోత ముందు వానలు పడితే చప్పగా తేలిపోవడం మీ అందరికీ అనుభవమే కదా. వింటేజ్ అంటే ఇంతే. కాకపోతే మామిడిపండుని ఆ వేసవిలోనే తినేస్తాం, ఇక్కడ ఇరవై ఏళ్ళ తర్వాత తీర్పు చెబుతాం.

ఇక మీ ఐదు ఏళ్ళు. 2003లో ఆగస్టు వడగాలి ఫ్రాన్స్‌ని ఊపేసింది, సుమారు 15,000 మంది వేడికి చనిపోయారు. తోటల్లో ద్రాక్ష తొందరగా పండిపోయింది, చక్కెర పెరిగింది, పులుపు పడిపోయింది. నీళ్ళు దాచుకునే బంకమట్టి ఉన్నచోట, అంటే ఉత్తరాన సాన్-తెస్తెఫ్ వైపు, బాగానే తట్టుకున్నాయి. గులకనేలల్లో చాలా తోటలు ఆకులు మాడి ఇబ్బంది పడ్డాయి. రుచి చూసేటప్పుడు ఎండు అంజీరు, ఉడికిన పండు వాసనల కోసం చూడండి. అవి ఉండొచ్చు, తప్పు కాదు. పులుపు ఇంకా నిలబడి ఉందా లేదా అన్నదే దాని పరీక్ష.

2009 ఎండ బాగా కాసిన ఏడాది. తెరిచిన నిమిషం నుంచి కలుపుగోలుగా ఉంటుంది. 2010లోనూ కరువే, కానీ రాత్రులు చల్లగా ఉండేవి. పగటి ఎండకి పండింది, రాత్రి చల్లదనానికి పులుపు కరిగిపోలేదు. వాన లేక పళ్ళు చిన్నవయ్యాయి, కాబట్టి రసానికి తొక్క పాలు ఎక్కువ. ఎండా పులుపూ వగరూ మూడూ దండిగా ఉన్న ఏడాది అది, ఇంకా పూర్తిగా విప్పుకోలేదు. 2016 కథ వేరు. జూన్ దాకా వానలే వానలు, అందరూ ఆశ వదిలేశారు. తర్వాత మబ్బు కనబడలేదు. సెప్టెంబర్ మధ్యలో సరిగ్గా కావలసినప్పుడు ఒక వాన పడింది. కాబెర్నే నింపాదిగా పండింది. నా లెక్కలో ఈ ఐదింట్లో అన్నీ కుదిరినది 2016, కాకపోతే దానికింకా చిన్నతనం.

2013 మాత్రం పాపం. చలి, వాన, పూత సరిగ్గా నిలవక పిందె రాలిపోయింది. బోర్డోలో 1991 తర్వాత అంత తక్కువ పంట అప్పటిదాకా రాలేదు. కోతల సమయానికి కుళ్ళు పరుగెత్తుకొచ్చింది, ఇంకో వారం ఆగితే బాగుండేదని తెలిసి కూడా కోసేయవలసి వచ్చింది. కాబెర్నే పూర్తిగా పండకపోతే పచ్చి క్యాప్సికం వాసన వస్తుంది, అది తగలొచ్చు. సన్నగా ఉంటుంది, తొందరగా అయిపోతుంది. కానీ మంచి షాతో అయితే అలాంటి ఏడాది పాడు గుత్తులు ఏరి పారేసి, తొక్కల నుంచి బలవంతంగా వగరు పిండకుండా తేలిగ్గా తీసి ఊరుకుంటారు. అలా చేసినది ఇప్పుడు తాగడానికి హాయిగా ఉంటుంది. 2010 ఇంకా ముడుచుకుని కూర్చున్న రాత్రి, 2013 మీతో కబుర్లు చెబుతుంది.

వరస విషయం. కొత్తది ముందు అనేవాళ్ళు ఉన్నారు, పాతది ముందు అనేవాళ్ళూ ఉన్నారు, ఇద్దరూ కొట్టుకుంటారు. నేను సంవత్సరం చూడను, బలం చూస్తాను. 2013, తర్వాత 2003, 2009, 2016, చివర 2010. 2010 తాగిన నోటితో 2013 ముట్టుకుంటే నీళ్ళు తాగినట్టుంటుంది, దానికి అన్యాయం చేసినవాళ్ళమవుతాం.

ముందు రోజే సీసాలన్నిటినీ నిలబెట్టండి, మడ్డి అడుగుకి చేరుతుంది. 2016, 2010 రెండూ భోజనానికి మూడు గంటల ముందు డికాంటర్‌లో పొయ్యండి, గాలి తగలాలి. 2009కి గంట చాలు. 2003కి డికాంటర్ గాలి కోసం కాదు, మడ్డి వేరుచేయడానికే. మెడ కింద ఫోన్ టార్చ్ పెట్టుకుని ఆగకుండా ఒకే ధారగా వంచండి, మడ్డి పోగు మెడ దాకా రాగానే ఆపెయ్యండి. వెంటనే వడ్డించండి, పాత వైన్ ఎక్కువసేపు గాలికి ఉంటే వాలిపోతుంది. 2013ని తెరిచి నేరుగా గ్లాసుల్లోకి.

వేడి చూసుకోండి. రెడ్ వైన్ గది వేడిలో ఇవ్వాలి అన్న మాట చలిగదుల కాలంలో పుట్టింది. 16 నుంచి 18 డిగ్రీలు కావాలి. మీ అపార్ట్‌మెంట్ 26 ఉంటే ఆల్కహాల్ ముక్కుకి కొడుతుంది, అన్నీ ఒకేలా అనిపిస్తాయి. అరగంట ఫ్రిజ్‌లో పెట్టినా నామోషీ ఏం లేదు.

కూకట్‌పల్లి గారి మాట కొట్టిపారేయకండి. ఆయన చెప్పిన రంగు సంగతి నిజంగా జరిగింది, ఇక్కడే, బోర్డో విశ్వవిద్యాలయంలో. వైన్ శాస్త్రం చదివే 54 మంది విద్యార్థులకి తెల్ల వైన్‌లో వాసన లేని ఎర్ర రంగు కలిపి ఇస్తే, ఎర్ర వైన్‌కి వాడే మాటలే రాశారు. 2001లో ఆ పరిశోధన అచ్చయింది. కానీ అది తెలిసింది నాలుక అబద్ధం అని కాదు. కన్ను ముందే చెప్పేస్తే ముక్కు దానికి వంత పాడుతుందని. లేబుల్ చూసినా అంతే. "2010" అని చదివితే సగం మార్కులు అప్పుడే పడిపోతాయి. అందుకే సీసాలకి సాక్సులు తొడగండి. నిజంగానే, మందపాటి ఊలు సాక్సులు. మా కొట్లో ఒక డబ్బా నిండా ఉంటాయి. డికాంటర్‌లో పోసినవాటిని మళ్ళీ కడిగిన సీసాల్లోకి నింపి తొడగాలి. మీ ఇంట్లో తాగనివాళ్ళెవరైనా ఉంటే వాళ్ళ చేత అంకెలు అంటింపించండి. ఏ అంకె ఏ సీసాదో ఆ మనిషికి మాత్రమే తెలియాలి, మీరు రాసేవరకు విప్పొద్దు.

తాగే విధానం. గ్లాసులు ఒకే రకానివి. ఒక్కోదాంట్లో 50 మిల్లీలీటర్లు, అంతకు మించి వద్దు. తెల్ల కాగితం మీద గ్లాసుని వంచి అంచు చూడండి. కుర్రదైతే అంచు ఊదాగా ఉంటుంది, ముదిరే కొద్దీ ఇటుక రంగుకి తిరుగుతుంది. 2003, 2016 పక్కపక్కన పెడితే మీకు ఎవరూ చెప్పక్కర్లేదు. తర్వాత గ్లాసు కదపకుండా ఒకసారి వాసన చూడండి, కదిపి ఇంకోసారి. మొదటిదే ముఖ్యం. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే బిరడా పాడైందన్నమాట, గాలికి పోదు, ఆ సీసా పక్కన పెట్టెయ్యండి. అది వింటేజ్ తప్పు కాదు. మిగతా వాసనలకి పుస్తకంలో మాటలు వెతుక్కోవద్దు. పెన్సిల్ చెక్కినప్పటి వాసన, ఆరబెట్టిన పొగాకు, నేరేడు, తోలు చెప్పు, ఏది తోస్తే అది రాయండి.

నోట్లో పోసుకున్నాక మూడింటిని విడదీయడం నేర్చుకుంటే సగం పని అయిపోయినట్టే. పులుపు ఉంటే బుగ్గల లోపల నీరూరుతుంది. టానిన్ ఉంటే చిగుళ్ళు ఎండిపోయి బిగుసుకుంటాయి. ఆల్కహాల్ ఎక్కువైతే గొంతులో వెచ్చగా మండుతుంది. 2003లో నీరూరడం తక్కువ, 2010లో నీరూరడమూ చిగుళ్ళు బిగవడమూ రెండూ గట్టిగా ఉంటాయి. 2013లో నీరూరుతుంది కానీ మధ్యలో కండ ఉండదు. తర్వాత ఉమ్మేసి లెక్కపెట్టండి, రుచి ఎన్ని సెకన్లు నిలిచిందో. ఇక్కడ ఒక్కో సెకనునీ ఒక కోదలీ అంటారు. కోదలీలు పది దాటితే మంచి వైన్‌తోనే ఉన్నారు.

ఉమ్మడం గురించి. ఆయన ముందు ఉమ్మకపోతేనే పరువు పోతుందండి. ఇక్కడ బకెట్ లేని టేస్టింగ్ చూస్తే జనం నవ్వుతారు. మొదటి చుట్టు ఉమ్మండి, మార్కులు రాయండి, సాక్సులు విప్పండి. ఆ తర్వాత భోజనంతో హాయిగా మింగండి.

మార్కులు. అమెరికా వైన్ విమర్శకుడు రాబర్ట్ పార్కర్ బోర్డో 1982 వింటేజ్‌ని మెచ్చుకుని పేరు తెచ్చుకున్నాక వందకి వెయ్యడం ఊరంతా పాకింది. ఇరవైకి వేసేవాళ్ళు ఇంకా ఉన్నారు. మీరు నెట్‌లో చూసిన స్కోర్లలో చాలావాటికి మూలం, కోత అయిన మరుసటి వసంతంలో పీపాలోంచి తీసిన శాంపిల్ మీద వేసినవి. వైన్ సీసాలోకి కూడా ఎక్కలేదు అప్పటికి. ఏడాది పరువు అక్కడే తేలిపోతుంది, ధర కూడా. నా పద్ధతి వేరు. ఒక్కో వైన్‌కి రెండు అంకెలు రాస్తాను: ఈ రాత్రికి పదికి ఎంత, దాచుకుంటే ఇంకా ఎంత పైకి వెళ్తుంది అన్న నమ్మకానికి పదికి ఎంత. రెండూ కలపను. కలిపితే 2013 ఎప్పుడూ ఓడిపోతుంది.

ద్రాక్షారామం_బాబు:

అక్కా, అంతా చెప్పారు గానీ బిరడా సంగతి వదిలేశారు. నేను క్రూయిజ్ షిప్‌లో స్టూవార్డ్‌ని. ఇరవై ఏళ్ళు దాటిన బిరడాకి మామూలు స్క్రూ దింపితే సగం విరిగి సగం లోపల పడుద్ది. 2003కి రెండు రేకుల ఓపెనర్ కొనుక్కోండి. రేకుల్ని బిరడాకీ గాజుకీ మధ్య అటూ ఇటూ ఊపుతూ దింపి, తిప్పుతూ లాగాలి. అప్పటికీ విరిగితే కంగారు పడకండి, ముక్క లోపలికి నెట్టేసి సన్నటి జల్లెడలో వడకట్టండి, వైన్‌కి ఏం కాదు. ఇంకోటి, తెరిచే ముందు సీసా మెడలో వైన్ ఎంతవరకు ఉందో చూడండి. భుజం దాకా దిగిపోయి ఉంటే గాలి చొరబడిందని అర్థం.

బెజవాడ_తులూజ్:

అక్కా, పాదాభివందనం. 2013ని బిర్యానీ నుంచి కాపాడారు. చూశాను, 2003 మెడ దాకా నిండుగానే ఉంది. ఇప్పుడు వంట మీద గొడవ. మా ఆవిడ నాటుకోడి పులుసు, గోంగూర మటన్ చేస్తానంటోంది. పెద్దాయనకి మన వంట రుచి చూపించాలని తన పట్టుదల. ఈ వైన్‌కి పనికొస్తాయా?

యానాం_షార్ట్రోన్:

మార్కులు వేసేంతవరకు టేబుల్ మీద ఉప్పు లేని రొట్టె, మంచినీళ్ళు తప్ప ఏమీ వద్దు. చీజ్ కూడా వద్దు, అది ప్రతి వైన్‌నీ మంచిదాన్ని చేసేస్తుంది. వైన్ అమ్మేవాళ్ళు చీజ్ ముక్క ఎందుకు పెడతారనుకున్నారు?

భోజనానికైతే గోంగూర నాకూ ప్రాణమే, కానీ ఆ రాత్రికి కాదు. ఆ పులుపు ముందు వైన్‌లో పులుపు చచ్చిపోయి 2009 చప్పగా తేలుతుంది. పచ్చిమిర్చి కారానికి 2010లో టానిన్ ఇంకా గరుగ్గా, ఆల్కహాల్ మంటగా అనిపిస్తుంది. ఈ వైన్‌కి కావాల్సింది కొవ్వు, ఉప్పు. కొవ్వు ఆ వగరుని పట్టుకుని మెత్తబరుస్తుంది. అందుకే పక్క ఊరు పోయాక్‌లో గొర్రెపిల్ల మాంసం, ఇక్కడ బోర్డోలో ఎండు ద్రాక్ష కొమ్మల నిప్పుల మీద కాల్చిన గొడ్డుమాంసం.

మీ ఆవిడ పట్టుదల కూడా చెడకుండా ఒక దారి ఉంది. మటన్ వేపుడు చెయ్యమనండి. కారం బదులు మిరియాలు, ఉల్లి ఎర్రగా వేయించి, కాస్త గసగసాలు, చివర నెయ్యి. టమాటా, చింతపండు వద్దు. మిరియాలు, వేయించిన ఉల్లి ముందు 2016 ఎలా విప్పుకుంటుందో చూడండి. గోంగూర మటన్ మర్నాడు మధ్యాహ్నం ఆయనకి డబ్బాలో కట్టివ్వండి.

డల్లాస్_దోస్త్:

నాదొక సలహా. 2010 అంత గొప్పదైతే, ఇంకా విప్పుకోకపోతే, దాన్ని ఎందుకు తెరవడం? ఇండియా వెళ్ళేటప్పుడు తీసుకెళ్ళి విజయవాడలో ఇంట్లో పదేళ్ళు దాచుకోవచ్చు కదా. రెండు లీటర్ల దాకా డ్యూటీ ఫ్రీ ఉంది.

యానాం_షార్ట్రోన్:

బాబోయ్, వద్దండి. రెండు లీటర్ల లెక్క నిజమే, కస్టమ్స్ వాళ్ళు ఏమీ అనరు. విజయవాడ మే నెల అంటుంది. వైన్‌కి 12, 13 డిగ్రీల దగ్గర, హెచ్చుతగ్గులు లేని చీకటి కావాలి. 40 దాటిన ఊళ్ళో కరెంటు పోయిన రెండు మధ్యాహ్నాలు చాలు, లోపల వైన్ ఉబ్బి బిరడా పైకి తన్నుకొస్తుంది. పదేళ్ళ తర్వాత సాంబార్‌లో పోసుకోవడానికి కూడా పనికిరాదు. వైన్ ఫ్రిజ్, ఇన్వర్టర్ రెండూ ఉంటే ఆలోచించండి. పైగా ఇచ్చినాయన ఐదూ తెరవమన్నాడు. తెరవండి.

బెజవాడ_తులూజ్:

అయిపోయింది అక్కా, నిన్న రాత్రి. ఇంకా టేబుల్ కూడా తుడవలేదు, మీకు రాస్తున్నాను.

సాక్సులు మా అబ్బాయి ఫుట్‌బాల్‌వి. పెద్దాయన చూసి ముందు పగలబడి నవ్వాడు, తర్వాత "ఎవరు నేర్పారు?" అని అడిగాడు. యానాం అమ్మాయి అని చెప్పాను. యానాం ఎక్కడో మ్యాప్‌లో చూపించేదాకా ఊరుకోలేదు. బకెట్‌లో మొదట ఉమ్మింది ఆయనే. ఆ తర్వాత నాకు సిగ్గు పోయింది.

2003 బిరడా రేకుల ఓపెనర్‌తో కూడా మధ్యలో విరిగింది, బాబు గారు చెప్పినట్టు లోపలికి నెట్టి వడకట్టాం. ఇటుక రంగు అంచు నాకు కూడా కనబడింది. నేను రాసుకున్నది "ఎండు ఖర్జూరం, పాత బీరువా" అని. మా ఆవిడ దానికి "ఈ రాత్రికి 8, దాచితే 1" వేసింది. మూడో సాక్సు, అంటే 2009, ఆరుగురిలో నలుగురికి నచ్చింది, నాకు కూడా. 2010కి నేను ఐదే వేశాను! చిగుళ్ళు పట్టేసినట్టయింది. విప్పాక చూసి తల పట్టుకున్నాను, నెట్‌లో ఆకాశానికెత్తింది దీన్నే. పెద్దాయన మాత్రం దానికి "ఈ రాత్రి 6, దాచితే 10" రాశాడు. 2016కి ఆయన రెండింటికీ 9.

అసలు విచిత్రం 2013. మొదటి చుట్టులో అందరం తక్కువే వేశాం. నాకైతే ఆ క్యాప్సికం వాసన స్పష్టంగా తగిలింది. భోజనం దగ్గరికొచ్చేసరికి ముందు ఖాళీ అయిన సీసా అదే. ఎవరికి వాళ్ళు ఏమీ అనుకోకుండా దాన్నే పోసుకున్నారు. వేపుడుతో తేలిగ్గా దిగిపోయింది.

ఇప్పుడు మిగిలింది 2010 సగం సీసా, 2003 రెండు గ్లాసులంత. పారబొయ్యాలా?

యానాం_షార్ట్రోన్:

పారబొయ్యడమా! 2010ని చిన్న సీసాలోకి అంచు దాకా నింపి మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టండి. రేపు సాయంత్రం బయటికి తీసి అరగంట ఆగి మళ్ళీ మార్కులు వెయ్యండి, ఐదు ఉండదు. ఎల్లుండి కూడా చూడండి. మీ పెద్దాయన రాసిన 10 ఎందుకో అప్పుడు నోటికే తెలుస్తుంది.

2003 ఆగదు. ఈ పూటే భోజనంతో ముగించేయండి, గోంగూర మిగిలి ఉంటే మాత్రం దాని పక్కన పెట్టకండి.